పెడల్‌గాడి వంకర వేలు

కుట్టుగది నుంచి

అక్కకు,

ఫోను చేస్తే తేలిపోయే దానికి ఉత్తరమెందుకు అంటావు. నిరుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ నా వినికిడి సగం పట్టుకుపోయిందని నీకు తెలుసు కదా. ఫోనులో నీ గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. పైగా ఇది నువ్వు తాపీగా చదివి, ఆలోచించి చెప్పవలసిన సంగతి.

మా టర్కీ పుంజులు కొట్టుకుంటున్నాయి.

నవ్వకు. నీ వైద్యశాలకు రోజూ రకరకాల పక్షులు వస్తాయి కాబట్టి నీకిది చిన్న విషయం కావచ్చు. నాకు మాత్రం ఏమీ అర్థం కావడం లేదు. ఈ మూడూ ఒకే విడతలో పొదిగినవి. నేను మంచం దిగిన కొత్తలో మీ మరదలు వీటిని నాలుగు పెట్ట పిల్లలతో కలిపి గంపలో తెచ్చింది. "గోడలు చూస్తూ కూర్చోకయ్యా, వీటిని చూడు" అంది. అట్టపెట్టెలో పాత పత్రికలు పరిచి, కుట్టుమిషను కింద పెట్టి, దీపం వెచ్చదనంలో పెంచాను. కాళ్లు కత్తెరలా వేసి నడిచేవాడు కత్తెరగాడు. కింద పడిన గుండీని గుటుక్కున మింగినవాడు గుండీగాడు. పెట్టెలోంచి గెంతి వచ్చి నా పాదం మీద పడుకున్నవాడు పెడల్‌గాడు. నేను మిషను తొక్కుతుంటే నా పాదంతో పాటు వాడూ ఊగేవాడు. ఎప్పుడో పెడల్ సందున పడి నలిగినట్టుంది, వాడి ఎడమకాలి నడిమి వేలు వంకర తిరిగింది. ఆ రోజుల్లో లేవాలనిపించేది కాదక్కా. పాదం మీద వాడున్నాడు కదా అని కుట్టేవాణ్ణి, కుట్టాలి కదా అని లేచేవాణ్ణి.

ఒకరి మెడ మీద ఒకరు మెడ వేసి నిద్రపోయినవాళ్లు ఇప్పుడు రొమ్ముకు రొమ్ము ఢీకొడుతున్నారు. మెడలు పెనవేసుకుని, ముక్కు మీద వేలాడే కండను పట్టుకుని లాగుతున్నారు. గుండీగాడి మెడ చర్మం చిరిగింది. పక్కింటి మేస్త్రి గోడ అవతలి నుంచి, "దర్జీ గారూ, మీ అల్లుళ్లు మళ్లీ మొదలెట్టారండోయ్!" అని కేకలు పెడుతున్నాడు. మొన్నటి దాకా బాగున్నవాళ్లకు ఏమైందో చెప్పు.

తమ్ముడు

* * *

పక్షుల వైద్యశాల, పరీక్ష గది

తమ్ముడికి,

నవ్వలేదు. నీ ఉత్తరాన్ని మధ్యాహ్నం ఒకసారి, పని ముగిశాక మరొకసారి చదివాను.

వాటికి ఏమీ కాలేదు, వయసు వచ్చిందంతే. పొద్దు పొడుగయ్యే ఈ రోజుల్లో టర్కీ పుంజుల ఒంట్లో కొత్త వేడి పుడుతుంది. తమలో ఎవరు పెద్దో తేల్చుకోనిదే అవి ఊరుకోవు. తోడబుట్టినవైనా ఇది తప్పదు. ఒకసారి తేలిపోతే మాత్రం, ఓడినది పక్కకు తప్పుకోవడమూ గెలిచినది వదిలిపెట్టడమూ అలవాటై పెరడు సద్దుమణుగుతుంది. నీకున్న నాలుగు పెట్టలకు ఒక్క పుంజు చాలు. మూడున్నాయి కాబట్టి కొంత గొడవను నువ్వు ఓర్చుకోక తప్పదు.

ఓడిన పక్షికి, గెలిచినవాడి చూపు నుంచి తప్పించుకునే చోటు కావాలి. పెరట్లో అక్కడక్కడా అడ్డుతెరలు ఏర్పాటు చెయ్యి. మేత ఒక్కచోటే పోయకుండా దూరదూరంగా పోసి, నీళ్ల తొట్టెలు కూడా అలాగే పెట్టు. చిన్న తగవులకు చేతులు అడ్డం పెట్టకు. దేన్నీ తొందరపడి వేరు చేయకు, కొంతకాలం కనబడకుండా పోయి తిరిగి వచ్చినవాణ్ణి అవి కొత్తవాడిగానే చూస్తాయి. గుండీగాడి గాయానికి మందు పంపుతున్నాను. అది మానేదాకా మిగతావాటి కంట పడనీయకు. నెత్తురు కనబడితే అన్నీ అక్కడే పొడుస్తాయి.

ఎవరు మొదలుపెడుతున్నారో, ఎవరు తప్పుకుంటున్నారో గమనించి రాయి. నీ చెవులను ఎవరికైనా చూపించావా? దానికి కూడా జవాబు రాయాలి సుమా.

అక్క

* * *

కుట్టుగది నుంచి

అక్కకు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. కుట్టించుకుని ఎవరూ తీసుకుపోని కిటికీ తెరలన్నీ బయటకు తీసి, పెరట్లో కర్రలు పాతి అడ్డంగా కట్టాను. మేస్త్రి తొంగి చూసి, "ఏంటి దర్జీ గారూ, నాటకం ఎప్పుడు?" అన్నాడు. మేత మూడు చోట్ల, నీళ్లు మూడు చోట్ల పెట్టాను. గాయాన్నీ కప్పాను. దూరం నుంచే పోల్చుకోవడానికి పెడల్‌గాడికి నీలం, కత్తెరగాడికి ఆకుపచ్చ, గుండీగాడికి పసుపు గుర్తులు పెట్టాను. ముగ్గురూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు మరి. ఎర్ర రంగు కావాలనే వాడలేదు.

ఇంత చేసినా తేలడం లేదక్కా. ఒకసారి తేలితే సద్దుమణుగుతుందన్నావు. తేలుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. నీలంవాడు పసుపువాణ్ణి తరిమి తరిమి కొట్టాడు. సరే, నీలంవాడే పెద్ద అనుకున్నాను. తరవాత చూస్తే ఆ నీలంవాడే తెర వెనక తల దాచుకుని కూర్చున్నాడు, పసుపువాడు తోక విసనకర్రలా విప్పి తిరుగుతున్నాడు. ఆ తరవాత ఇద్దరూ కలిసి ఆకుపచ్చవాడి మీద పడ్డారు. నాలుగు రోజులు ఇల్లు ప్రశాంతం. మళ్లీ ఒక పొద్దున తలుపు తీసేసరికి యుద్ధం.

దీని మీద ఇంట్లో కూడా యుద్ధమే. "అన్నిటికీ మూలం పెడల్‌గాడే, నా కళ్లతో చూశాను" అన్నాను.

"ఏ కళ్లతో? వంకర వేలున్న ఆ పెడల్‌గాడు పొద్దున దెబ్బలు తిని మూల నక్కితే నేను నీళ్లు పట్టాను. కొట్టింది కత్తెరగాడు. చెవులే అనుకున్నాను, కళ్లు కూడా పోయాయా?" అంది మీ మరదలు.

మేమిద్దరం ఒకే పెరడు చూస్తున్నామా అని నాకే అనుమానం వచ్చింది.

తమ్ముడు

చెవుల డాక్టరు దగ్గరకు వెళతాను. ముందు ఇది తేలనీ.

* * *

పక్షుల వైద్యశాల, పరీక్ష గది

తమ్ముడికి,

నీ ఉత్తరం నన్ను ఇబ్బంది పెట్టింది. అది మంచిదే, ఇబ్బంది పెట్టే ఉత్తరంలోనే అసలు సంగతి ఎక్కడో ఉంటుంది.

టర్కీ పుంజులు తమ వరుసను ఇంత తరచుగా తిరగేయవు. నేడు ఏలినవాడు రేపు నక్కడం, ఎల్లుండి మళ్లీ ఏలడం నేను చూడలేదు, తోటి వైద్యులను అడిగితే వారూ చూడలేదన్నారు. నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేను. కాలి కడియాలకు ఎరుపు వాడకపోవడం మంచి పని. ఇక కొన్ని ప్రశ్నలు. పెరట్లోకి కొత్త పక్షి ఏదైనా వచ్చిందా? వీటిలో దేన్నైనా బయటకు తీసుకెళ్లి తిరిగి తెచ్చారా? తమ నీడను తామే చూసుకునేలా అద్దం గాని, మెరిసే రేకు గాని ఉందా? గొడవ మొదలైన ప్రతి పొద్దుటికీ ముందు సాయంత్రం పెరట్లో ఏం జరిగింది?

అన్నిటికీ నిజంగా ఒక్కడే మూలమైతే, అతణ్ణి తీగ వల అవతల, మిగతావాటికి కనబడేలా ఉంచు. కొద్ది రోజులు అలా చూసుకున్నాక కలిపితే కొత్తవాడిగా తోచడు. అప్పటికీ మారకపోతే వేరే ఇల్లు చూడవలసి రావచ్చు. అది నీకు ఎంత కష్టమో ఎరుగుదును. అందుకే చెబుతున్నాను, నాకు రాయకుండా ఏ నిర్ణయమూ తీసుకోకు.

అక్క

* * *

కుట్టుగది నుంచి

అక్కకు,

కొత్త పక్షి రాలేదు. ఎవరినీ బయటకు తీసుకెళ్లలేదు. అద్దం నా కుట్టుగదిలో తప్ప ఎక్కడా లేదు. సాయంత్రాలు ఏమీ జరగడం లేదు, అవి కర్ర ఎక్కి కూర్చున్నాక మీ మరదలు ఒకసారి చూసి వస్తుంది, అంతే.

పరిస్థితి చెయ్యి దాటింది. ఆకుపచ్చవాడి ముక్కు మీది కండ చీరుకుపోయింది. ఆ వేళ నీలంవాడి ముక్కంతా నెత్తురు. అడ్డం వెళ్లిన మీ మరదలి మోచేతిని రెక్కతో కొట్టాడు. చెయ్యి వాచింది, రెండు రోజులు పనికి వెళ్లలేదు. మూడో రోజున, "నీ పాదం మీద పెరిగినవాడని ఊరుకున్నాను. ఇక నా వల్ల కాదు" అంది.

నీలంవాడంటే పెడల్‌గాడే కదక్కా. వాణ్ణి తీగ వల అవతల పెట్టాను. నీ మాట ప్రకారం మిగతావాళ్లకు కనబడేలాగే పెట్టి, శాంతించాడనుకుని కలిపాను. కలిపిన పొద్దున మళ్లీ అదే. మేస్త్రి తనకు తెలిసిన కోళ్ల బండి మనిషితో మాట్లాడాడు. ఆదివారం వస్తాడు. వేరే ఇల్లు ఎక్కడ చూడను? కొట్టే పుంజును ఎవరు తీసుకుంటారు? సరేనన్నాను. అప్పటి నుంచి వాడి ముఖం చూడటం లేదు, మేత కూడా వెనక్కి తిరిగే పోస్తున్నాను. నా పాదాన్ని నమ్ముకుని పెరిగినవాడు ఇలా ఎందుకయ్యాడో చెప్పగలవా? నీకు రాయకుండా నిర్ణయం తీసుకోవద్దన్నావు. అందుకే రాస్తున్నాను.

ఇంకొకటి. నువ్వు కాలి కడియాలన్నావు. కడియాలెక్కడివి? నేను కుట్టింది మెడపట్టీలు. గాయం కంట పడనీయవద్దన్నావు కదా, రెండు పొరల గుడ్డ వేసి, లోపల మెత్తటి అస్తరుతో, వెనక గుండీ పెట్టి, మెడ మొదలు నుంచి గడ్డం దాకా వచ్చేలా కుట్టాను. ఒక్కడికే తొడిగితే వేరుగా కనబడతాడని ముగ్గురికీ ఎవరి కొలతకు వారికి కుట్టాను. మాసిపోతాయి కాబట్టి రెండేసి జతలు. మీ మరదలు పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో, ఆమెకు వీలు చిక్కిన రోజున, మరుగునీళ్లలో ఉతికి తెస్తుంది. శుభ్రానికి లోటు లేదు. ఆ పట్టీలే లేకపోతే ఈపాటికి మెడలు తెగేవి.

తమ్ముడు

* * *

పక్షుల వైద్యశాల, పరీక్ష గది

తమ్ముడూ,

ఈ ఉత్తరం తపాలాలో వేయకుండా మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఆదివారం బండికి ఏ పుంజునూ ఇవ్వకు.

టర్కీలు ఒకదాన్నొకటి పోల్చుకునేది ముఖ్యంగా తలనూ మెడనూ చూసి. వాటికి ముఖమంటే అదే. నువ్వు ఆ ముఖాన్ని కప్పావు. కప్పినా, ఎప్పుడూ ఒకేలా ఉంటే కొంతకాలానికి దానికే అలవాటు పడేవేమో. కాని ఉతికిన ప్రతిసారీ ఆ పట్టీలు ఎవరివి వారికే వెళుతున్నాయా? నువ్వు ప్రశాంతంగా గడిచాయన్న రోజులు ఉతుక్కీ ఉతుక్కీ మధ్య రోజులని నా అనుమానం. ఏ పట్టీ ఎవరికి తొడుగుతోందో మరదలిని అడుగు. నిందలా కాకుండా, మామూలుగా అడుగు.

నా అనుమానం నిజమైతే, నిన్నటి నీలంవాడు నేటి పసుపువాడు. మీ ఇద్దరి సాక్ష్యమూ నిజమే, చూసిన పుంజులే వేరు. కొట్టినవాడెవరో మీకు తెలియదు, కొడుతున్నది ఎవరినో వాటికి తెలియదు.

పెడల్‌గాడి వేలు వంకర అన్నావు. పట్టీ రంగు నమ్మకు. బండికి ఇవ్వబోయేవాడి కాలు చూడు.

అక్క

* * *

కుట్టుగది నుంచి

అక్కకు,

నీ ఉత్తరం వచ్చేసరికి బండి మా గుమ్మం ముందుంది. నీలంపట్టీవాడు గంపలో ఉన్నాడు, కాళ్లు కట్టేసి ఉన్నాయి. నేను గడప మీద కూర్చుని చదువుతుంటే బండి మనిషికి ఓపిక పోయింది.

"ఏంటి దర్జీ గారూ, కోడికి వీలునామా చదువుతున్నారా? ఎండెక్కుతోంది, కానివ్వండి."

మీ మరదలిని పిలిచి అడిగాను. మామూలుగానే అడిగాను.

"ఏ రంగు ఎవరికి తొడుగుతున్నావు?"

"ఏది చేతికొస్తే అది. ఎందుకు?"

"ఎవరి రంగు వారికి ఉండాలి కదే!"

"అని నాకెవరు చెప్పారు? మా లాండ్రీలో ఒక్క పూటకు వందల దుప్పట్లు ఉతుకుతాం. ఇది ఫలానా మంచానిదని ఏ దుప్పటికైనా రాసి ఉంటుందా? ఉతికిందా, ఆరిందా, అంతే చూస్తాం. అవి కర్ర మీద కూర్చున్నాక మాసినవి తీసి ఉతికినవి తొడిగి వస్తున్నాను."

"ఎవరి కొలతకు వారికి కుట్టాను!"

"ఎవరికి వేసినా పట్టాయి. పట్టకపోతే చెప్పేదాన్ని."

అంత చక్కగా కుట్టినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా గుడ్డంటే ఒక ఒంటికి కుట్టేదనుకుంటున్నాను. ఆమెకు గుడ్డంటే తరవాత ఎవరికి అవసరమో వారిది. ఒకే ఇంట్లో ఉంటూ ఈ మాట ఒక్కసారీ మా మధ్య రాలేదు.

ఆమె చప్పున గంప దగ్గర కూర్చుని, "అయితే ఇది పెడల్‌గాడు కాడా?" అంది. వాచిన చేత్తోనే కాళ్ల కట్టు విప్పింది.

వేలు చూశాను. వంకరే.

అక్కా, పెడల్‌గాడే. నీ ఉత్తరం మీద పెట్టుకున్న ఆశ అక్కడికక్కడే కారిపోయింది. వేలు అబద్ధమాడదు కదా, అయితే వీడే దోషి అనుకున్నాను. మీ మరదలు మాత్రం నా మాట వినకుండా పెరట్లోకి వెళ్లి, ఆకుపచ్చ పట్టీవాణ్ణి చంకలో ఇరికించుకుని వచ్చింది. "వీడి కాలు కూడా చూడు" అంది.

ఎడమకాలు. నడిమి వేలు. వంకర.

ఒకడి కాలు చూసి రెండోవాడి కాలు చూశాను. మళ్లీ మొదటివాడి కాలు చూశాను. పసుపువాడికి మాత్రం తిన్నగా ఉంది. బండి మనిషి కూడా వంగి చూసి, "రెండూ వంకరే. ఇంతకీ ఏది ఇస్తున్నారు?" అన్నాడు.

నా పాదం మీద పడుకున్నది ఒక్కడేననుకున్నాను. మిషను తొక్కేటప్పుడు చూపు గుడ్డ మీదే ఉంటుంది. పాదం మీద బరువు తెలుస్తుంది, వెచ్చదనం తెలుస్తుంది. ఎవరో తెలియదు. తెలుసనుకున్నానంతే.

"ఎవరినీ ఇవ్వడం లేదయ్యా" అన్నది మీ మరదలు. బండి మనిషి తిట్టుకుంటూ వెళ్లాడు. మేస్త్రికి కోపం వచ్చింది.

పట్టీలన్నీ తీసేశాం. గుండీగాడి పాత గాయం మానిపోయి గుర్తు కూడా మిగల్లేదు. ఇప్పుడేం చెయ్యాలి? వాళ్లు మళ్లీ కొట్టుకుంటున్నారు.

తమ్ముడు

* * *

పక్షుల వైద్యశాల, పరీక్ష గది

తమ్ముడికి,

కొట్టుకోనీ. ఇది అవసరమైన తగవు. ఇన్నాళ్లకు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నాయి. నెత్తురు ధారగా కారితే తప్ప కలగజేసుకోకు. చేతులు ఊరుకోకపోతే చొక్కాలకు కాజాలు కుట్టుకో. గాయాలకు గుడ్డ వద్దు, పంపిన మందు పలచగా పూస్తే ఆ నల్లరంగే నెత్తురును మరుగుపరుస్తుంది. ఈ వాక్యం మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. కంట పడనీయకు అన్నాను గాని ఎలాగో చెప్పలేదు. దర్జీ చేతికి కప్పడమంటే గుడ్డేనని నాకు తట్టి ఉండాలి.

అవి కుదుటపడ్డాక, తీగ వల వేసి పెట్టలను ఒక వైపు ఉంచి, పుంజులు మూడింటినీ కలిపి మరో వైపు ఉంచు. ఎదుట పెట్టలు లేకపోతే పోటీకి కారణం చాలావరకు తగ్గుతుంది. గొడవలు అసలే ఉండవని మాట ఇవ్వలేను. ఈ కాలం గడిస్తే ఇంకా తగ్గుతాయి.

ఇక వేళ్ల సంగతి. నువ్వు పెట్టెలో పరిచినవి పత్రికలు. నున్నటి కాగితం మీద పిల్లల కాళ్లు జారుతాయి, పట్టు దొరక్క వేళ్లు వంకర తిరుగుతాయి. ఒక పెట్టెలో పెరిగిన ఇద్దరికి అలా కావడంలో వింత లేదు. గరుకు గుడ్డ పరిచి ఉంటే బాగుండేది, కాని అది నీకెవరూ చెప్పలేదు. పెడల్ కింద ఎవరి వేలూ నలిగి ఉండదు. ఆ రోజుల్లో నీ పాదం ఎవరినీ నొప్పించలేదు.

వారిలో పెడల్‌గాడెవరో వేలు చూసి నేను చెప్పలేను. చెప్పగలవారు ఉంటారనీ అనుకోను.

మరదలి చెయ్యి వాపు తగ్గిందా? నీ చెవుల సంగతి రాయకుండా మళ్లీ తప్పించుకున్నావు.

అక్క

* * *

పెరటి అరుగు నుంచి

అక్కకు,

మరదలి చెయ్యి నయమైంది. చెవుల డాక్టరును చూశాను. కుడి చెవికి చిన్న యంత్రం పెట్టారు. మొదట వినబడింది మేస్త్రి గొంతు. ఇంకొంతకాలం ఆగి పెట్టించుకోవలసింది.

పట్టీలు తీసిన రోజు సాయంత్రం దాకా పుంజులు కొట్టుకుని ఆగాయి. ఇప్పుడు ఒకడు ముందు నీళ్లు తాగుతాడు, మిగతా ఇద్దరూ ఆగుతారు. ఆ ఒకడెవరని అడగకు. వల వేశాం, పెట్టలు అవతల ఉన్నాయి. అప్పుడప్పుడు గుడగుడమని తోకలు విప్పుతారు గాని అంతకు మించి లేదు. పట్టీలను మీ మరదలు ఉతికి, మడిచి, దాచింది. ఎందుకంటే చెప్పదు.

మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు. తల వంచి నడిచేవాడే పెడల్‌గాడని నేనంటాను. కాదు, నీ గొంతు వినగానే తిరిగి చూసేవాడని ఆమె అంటుంది. నేను పిలిస్తే ముగ్గురూ తిరుగుతున్నారు.

నీకు రాద్దామని ఇందాక అరుగు మీద కూర్చుని కాళ్లు చాపాను. ఒకడు వలలోంచి బయటపడి ఎలా వచ్చాడో వచ్చాడు. నా పాదం మీద ఎక్కి, అటూ ఇటూ సర్దుకుని, కూలబడ్డాడు. పిల్లప్పటి బరువు కాదక్కా, కాలు తిమ్మిరెక్కిపోయింది. మీ మరదలు గుమ్మంలోంచి, "వేలు చూడయ్యా, వేలు చూడు!" అని అరుస్తోంది. యంత్రం ఉంది కాబట్టి స్పష్టంగానే వినబడుతోంది.

నేను చూడలేదు. ఉత్తరం పూర్తి చేస్తున్నాను.

తమ్ముడు